పదకొండు లక్షల బిళ్ళ, పావలా బిళ్ళ

మా నాణేల ఫోటో పోటీకి రూల్సు పెద్దగా లేవు. ఫోన్‌తోనే తీయాలి. నాణెం మీ ఇంట్లోదే అయ్యుండాలి, పోటీ కోసం కొనుక్కొచ్చింది కుదరదు. కడగకూడదు, తోమకూడదు. ఫిల్టర్లు వద్దు. ఫోటో కింద ఒక్క లైను రాయొచ్చు. ఎవరి ఫోటోకి వాళ్ళు ఓటేసుకోకూడదు. ఇంకొకటి, ఫలితాలు వచ్చేదాకా గ్రూపులో ఎవరూ ‘దీని రేటెంత?’ అని అడగకూడదు.

ఈ చివరి రూలు పెట్టింది సారు. సారంటే సూళ్ళూరుపేటలో సోషల్ చెప్పి రిటైరైన టీచరు. మా వాట్సాప్ గ్రూపులో అందరికన్నా పెద్దాయన, అందరికన్నా ఎక్కువ వాయిస్ మెసేజ్‌లు పెట్టేదీ ఆయనే. సూళ్ళూరుపేట నుంచి చెన్నై వెళ్ళే లోకల్ రైల్లో పరిచయమైన ఇద్దరితో ఆ గ్రూపు మొదలైంది. పోటీ పెట్టే నాటికి 19 మందిమయ్యాం. దానికి పేరంటూ లేదు. ప్రొఫైల్ ఫోటోగా ఒక చిల్లుకాణీ ఉంటుంది. శ్రీసిటీలో షిఫ్టులు చేసేవాళ్ళు, ఒక పాలిటెక్నిక్ అమ్మాయి, ఇరకం దీవి కుర్రాడు, బోర్డరు అవతల ఆరంబాక్కం నుంచి ఒక తంబి, ఇలా కలగూరగంప. గెలిచినవాళ్ళకి బహుమతిగా మిగతావాళ్ళు చందాలేసుకుని ఒక నాణేల ఆల్బమ్ కొనివ్వాలి, తడ సెంటర్లో టిఫిన్ పెట్టించాలి. అంతే.

నేను శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో పనిచేస్తాను. రోజుకి ఎనిమిది గంటలు గుండ్రటి లైటు కింద భూతద్దం పెట్టుకుని బోర్డుల మీద గీతలు వెతకడమే పని. గీత కనిపిస్తే రిజెక్ట్. ఇంటికొచ్చాక నాణేల మీద అవే గీతలు వెతుక్కుంటాను. ఇక్కడ మాత్రం గీత కనిపిస్తే సంతోషం. మా అమ్మకి ఈ లెక్క ఇప్పటికీ అర్థం కాలేదు.

తడ అనగానే చాలామందికి జలపాతమే గుర్తొస్తుంది. ఆ ఉబ్బలమడుగు ఊళ్ళో లేదు, కొండల్లోకి చాలా దూరం పోవాలి. మాకు తడంటే బోర్డరు. తమిళనాడు నుంచి హైవే మీద వస్తే ఆంధ్రాలో మొదట తగిలేది మా మండలమే. ఇటు టీ కొట్లో తెలుగు, అటు ఆరంబాక్కంలో తమిళం, చిల్లర మాత్రం రెండు వైపులా తిరుగుతుంది. 2022 దాకా మాది నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. జిల్లా మారినా యాస మారలేదు. తూర్పున పులికాట్ సరస్సు. దాని దక్షిణం కొసన, తమిళనాడులో, పళవేర్కాడు ఉంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని, టంకశాల పెట్టి నాణేలు కొట్టారు. అంటే మేం పడవలెక్కి కొంగల్ని చూడ్డానికి పోయే ఆ నీళ్ళ ఒడ్డునే ఒకప్పుడు డబ్బు తయారైందన్నమాట.

అందుకేనేమో, పోటీకి మొట్టమొదట వచ్చిన ఫోటోతోనే తకరారు వచ్చింది. ఇరకం కుర్రాడు ఒక చిన్న రాగి బిళ్ళ ఫోటో పెట్టాడు. ఒడ్డున ఇసకలో దొరికిందట. దాని మీద ‘వీ’ అక్షరానికి ‘ఓ’, ‘సీ’ పెనవేసుకుని ఉన్నాయి. అది డచ్ ఈస్టిండియా కంపెనీ ముద్ర. గ్రూపు మొత్తం ఎగిరి గంతేసింది. సారు ఒక్కరే గంతేయలేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉందని, నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువైన వస్తువేది దొరికినా కలెక్టరుకి తెలియజేయాలని చెప్పారు. ఎమ్మార్వో ఆఫీసుకి తనే తోడొస్తానన్నారు. కుర్రాడు ఆ ఫోటో డిలీట్ చేసి, వాళ్ళమ్మ డబ్బాలో ఉన్న పది పైసల పువ్వుబిళ్ళ పెట్టాడు. ‘పది పైసలైతే కలెక్టరుకి చెప్పక్కర్లేదు గదా సార్?’ అని కింద రాశాడు. ఒక్క లైనే గదా, రూలు దాటలేదు.

ఇప్పుడు మీరు కూడా ఇంట్లో ఒక నాణెం తీసి ప్రయత్నిస్తారనుకుందాం. మొదట అందరూ చేసేది ఫోన్ని నాణెం మీదికి దించేయడం. అంత దగ్గరికి పోతే లెన్సుకి ఫోకస్ అందదు, పైగా ఫోన్ నీడ నాణెం మీదే పడుతుంది. జానెడు పైకి లేపి 2ఎక్స్ జూమ్ పెట్టండి. నాణేన్ని నేరుగా గుడ్డ మీద పెట్టకుండా ఒక సీసా మూత మీద ఎత్తి పెడితే, వెనకాలదంతా మసకబారి నాణెం ఒక్కటే తేలి కనబడుతుంది. ఫ్లాష్ ఆపేయండి. స్క్రీన్ మీద నాణెం ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్సూ వెలుతురూ లాక్ అవుతాయి. పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగితే తెల్లగా వెలిగిపోయిన చోట్ల మళ్ళీ గీతలు బయటపడతాయి.

అసలు సంగతంతా వెలుగు ఎటునుంచి పడుతుందన్నదే. తళతళలాడే కొత్త బిళ్ళకి మెత్తటి వెలుగు కావాలి. పెరుగు కప్పు అడుగు కోసేసి నాణెం చుట్టూ బోర్లించి, బయటినుంచి లైటు వేస్తే చాలు. అరిగిపోయిన పాతబిళ్ళకి దీనికి పూర్తి వ్యతిరేకం. లైటుని నేలకి ఆనించినంత కిందికి దించి, పక్కనుంచి అడ్డంగా కొట్టాలి. అప్పుడు చదునుగా ఉందనుకున్న చోట కూడా చిన్న చిన్న గట్లు లేస్తాయి, వాటి వెనక నీడలు పడతాయి. పొద్దున ఏడింటికి పొలం గట్లు ఎంత స్పష్టంగా కనబడతాయో, మధ్యాహ్నం పన్నెండింటికి ఎలా కలిసిపోతాయో చూశారు గదా, అదే సూత్రం.

తోమకూడదన్న రూలు ఎందుకో కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో రాగిదేది కనబడినా చింతపండు పట్టుకొస్తారు. చింతపండు పులుపు రాగి మీద ఏళ్ళ తరబడి కట్టిన పొరని నిమిషంలో తినేస్తుంది. కింద గులాబీ రంగు రాగి బయటపడి, చూడ్డానికి నిన్న కొన్న చెంబులా ఉంటుంది. ఆ పొర కింద రాగిని కాపాడుతూ ఉంటుంది, పోతే మళ్ళీ అలాంటిది కట్టడానికి ఇంకో వందేళ్ళు కావాలి.

మా నాయనమ్మ పూజగదిలో ఉన్న తామరపువ్వు 20 పైసల బిళ్ళతో నాకు ఇక్కడే సందేహం వచ్చింది. 1970 నాటిది, పసుపుపచ్చగా ఉంటుంది. ఆవిడకి లక్ష్మీదేవితో సమానం. రేకుల సందుల్లో యాభై ఏళ్ళ పసుపు, కుంకుమ గట్టిపడి ఉన్నాయి. అది మురికా, నాణెంలో భాగమా? సారుని అడిగితే, ‘పసుపు పెట్టింది మీ నాయనమ్మేగా, తీసే హక్కు నీకెక్కడిదమ్మా’ అన్నారు. అలాగే తీసి పెట్టాను.

సారు ఫోటో గురించి కాస్త ఎక్కువే చెప్తాను, తప్పదు. చూడగానే ఏమీ లేదనిపించే ఫోటో అది. నల్లటి గుడ్డ మీద ఒక గోధుమరంగు రాగి బిళ్ళ, ఇప్పటి పది రూపాయల నాణెం కన్నా వెడల్పు. అక్షరాలన్నీ అరిగిపోయాయి. అడ్డంగా కొట్టిన టార్చిలైటు వెలుగులో, ఒక మూల 1808 అన్న అంకెలు, ఒక సింహం వెనక భాగం, అంతే. అది ఈస్టిండియా కంపెనీ వారి 20 కాసుల నాణెం. ఇంగ్లిష్ వాళ్ళు దాని మీద ‘క్యాష్’ అని రాసింది మన కాసునే. మనం ఇప్పుడు వాడే ‘డబ్బు’ కూడా అంతే, ఒకప్పుడు అదొక రాగి నాణెం పేరు. ఆ రోజుల్లో మద్రాసు లెక్క ఇలా ఉండేది: 80 కాసులకి ఒక పణం, 42 పణాలకి ఒక వరహా. అంటే సారు చేతిలో ఉన్నలాంటివి 168 కూడబెడితే ఒక్క వరహా అన్నమాట. 1818లో మద్రాసు కంపెనీ ప్రభుత్వం రూపాయి లెక్కలోకి మారిపోయింది.

ఆ నాణేలు మద్రాసులో తయారవలేదు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి, పీపాల్లో పేర్చి, ఓడల్లో పంపేవారు. అలా బయల్దేరిన ఓడల్లో ‘అడ్మిరల్ గార్డనర్’ ఒకటి. 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకముందే గుడ్విన్ శాండ్స్ అనే ఇసకతిన్నెల్లో మునిగిపోయింది. దాదాపు 175 ఏళ్ళ తర్వాత గజ ఈతగాళ్ళు దాన్ని కనిపెట్టి నాణేలు పైకి తీశారు. ఇవాళ ఇంటర్నెట్లో 1808 కాసు నాణేల ఫోటోలు వెతికితే వచ్చేవాటిలో చాలావరకు ఆ ఓడవే. పీపాల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉండిపోయాయి కాబట్టి వాటిలో చాలావాటికి సింహాల జూలు కూడా చెక్కుచెదరలేదు.

ఇది చెప్పి సారు ఆ రెండు రకాల ఫోటోలూ పక్కపక్కన పెట్టారు. అదే అచ్చు, అదే సంవత్సరం. మునిగిపోయింది కొత్తదానిలా ఉంది. మన దగ్గరికి చేరింది అరిగి రేకైపోయింది. సారు తాతగారి తాతల నాటినుంచి వాళ్ళింట్లోనే ఉందట అది. అంతకుముందు ఎన్ని సంతలు తిరిగిందో, ఎవరి కొంగుముడిలో ఎన్ని రాత్రులు ఉందో. మునిగిన నాణెంతో ఎవరూ చారెడు ఉప్పు కూడా కొనలేదు. సారు మాత్రం ఇవేవీ ఫోటో కింద రాయలేదు. ‘ఇది చేరింది’ అని రాసి ఊరుకున్నారు.

ఇదంతా జూన్ నెలలో. ఎంట్రీలు ఇంకా వస్తూ ఉండగానే టీ కొట్టు అక్క సంగతి మొదలైంది.

సర్వీసు రోడ్డు పక్కన అక్క కొట్టు. మా కంపెనీ బస్సు ఆగేది అక్కడే. భర్త పోయి ఆరేళ్ళయింది. కూతురు ఇంటరయిపోయి ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తోంది. సీటొచ్చినా హాస్టలుకీ పుస్తకాలకీ డబ్బెలాగన్నది ఆ నెలంతా అక్క నోట వినబడే మాట. ఒకరోజు పొద్దున నేను టీ తాగుతుంటే చీరకొంగు ముడి విప్పి ఒక ఐదు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టింది.

“పాపా, నీ ఫోన్లో బొమ్మలు బాగా వస్తాయంట గదా. దీన్ని ఒకటి తీసియ్యవా. అక్షరాలన్నీ కనబడాల.”

తీశాను. 2012లో వైష్ణోదేవి ఆలయ బోర్డుకి 25 ఏళ్ళయిన సందర్భంగా వేసిన నాణెం అది. అమ్మవారి బొమ్మ ఉంటుంది. అరుదైనదేమీ కాదు, ఇప్పటికీ చిల్లరలో అప్పుడప్పుడూ తగులుతుంది. పెరుగు కప్పు లేకపోయినా, కొట్టు మీద కప్పిన తెల్ల పట్టా కింద వెలుగు మెత్తగా ఉంది కాబట్టి ఫోటో చక్కగా వచ్చింది.

“దేనికక్కా?”

అక్క గొంతు తగ్గించింది. “ఎవరికీ చెప్పబాక. పదకొండు లచ్చలంట.”

మీ ఫోన్‌కి కూడా ఇలాంటి వీడియో వచ్చే ఉంటుంది. ‘ఈ నాణెం మీ దగ్గర ఉంటే మీరు లక్షాధికారి’ అంటూ. కింద ఒక నంబరు. అక్క ఆ నంబరుకి ఫోన్ చేసింది. వాళ్ళు వాట్సాప్‌లో ఆర్‌బీఐ ముద్ర ఉన్న ఒక ఉత్తరం పంపారు, అక్క పేరు కూడా అచ్చేసి ఉంది. రిజిస్ట్రేషన్ అని 1,250 రూపాయలు అడిగితే కట్టేసింది. ఇప్పుడు ట్యాక్స్ 8,600 సాయంత్రం లోపల కట్టమన్నారు, నాణెం ఫోటో కూడా ‘క్లియర్‌గా’ కావాలన్నారు. చీటీ పాడిన డబ్బులు అక్క టీపొడి డబ్బా వెనక ఉన్నాయి.

కట్టొద్దన్నాను. అక్క మొహం మాడ్చుకుంది. “నీకేం, నెల తిరిగేసరికి జీతం పడతాది. మాలాంటోళ్ళకి దేవుడు ఒక్కసారన్నా చూడకూడదా?” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. బస్సు హారన్ కొడుతోంది. ఫోటో మాత్రం ఆవిడకి పంపలేదు. బస్సులో కూర్చుని సారుకి ఫోన్ చేసి, ఆయన అక్కకి ఫోన్ చేసేలా చూశాను.

ఆ తర్వాత ఏం జరిగిందో అక్కే చెప్పింది. సారు మోసం, సైబర్ క్రైమ్ లాంటి మాటలేవీ ఎత్తలేదట. “అమ్మా, నువ్వు పదకొండు లక్షలు పోసి ఒక నగ కొనాలనుకో. చేత్తో పట్టుకుని చూడకుండా కొంటావా?” అని అడిగారట.

“ఎట్టా కొంటాను సార్.”

“మరి వాళ్ళు నీ బిళ్ళని ఒక్కసారన్నా చూస్తామన్నారా? ఎక్కడికి తెస్తావని అడిగారా?”

అక్క ఏమీ మాట్లాడలేదట. ఆ సాయంత్రం డబ్బు కట్టలేదు. అలాగని నమ్మకం పూర్తిగా వదులుకోనూ లేదు. మర్నాడు పొద్దున సారు లోకల్ రైలెక్కి తడలో దిగి, కొట్టుకొచ్చి, చొక్కా జేబులోంచి తీసి అచ్చం అలాంటివే అయిదు నాణేలు బల్ల మీద వరసగా పేర్చారు.

“ఇవిగో తల్లీ, యాభై అయిదు లక్షలు. ఒక టీ ఇవ్వు.”

అక్క నవ్వలేదు. ఆ అయిదింటి వైపూ, తన కొంగులో ఉన్నదాని వైపూ చాలాసేపు చూసి, టీ పోసిచ్చింది. పంచదార వేయడం మర్చిపోయింది. సారు అలాగే తాగారు.

పాత నాణేలూ నోట్ల అమ్మకాల పేరుతో తమ పేరు, లోగో వాడుకుని ఛార్జీలు, కమీషన్లు, పన్నులంటూ వసూలు చేస్తున్నారని, తాము అలాంటి లావాదేవీలు చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆర్‌బీఐ 2021 ఆగస్టు 4నే ప్రకటించింది. ఆ ప్రకటనలో మాటలన్నీ స్పష్టంగానే ఉన్నాయి. కానీ అది అక్క ఫోన్‌కి రాలేదు, వీడియో మాత్రం వచ్చింది. అక్క కూతురు, నేను కూర్చుని 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. అవతలి నంబరు ఆ రోజునుంచి ఎత్తడం మానేసింది. ఇది రాసే నాటికి 1,250 వెనక్కి రాలేదు. ఇలాంటివి జరిగిన వెంటనే, గంటల్లోనే ఫోన్ చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువట. అక్క కట్టి అప్పటికే నాలుగు రోజులయింది.

ఆ మూడు రోజులూ కొట్లో నాతో ముక్తసరిగానే మాట్లాడింది. టీ ఇచ్చేది, చిల్లరిచ్చేది, అంతే. నాకది కష్టంగానే అనిపించింది. నేనూ కదిలించలేదు. నాలుగో రోజు తనే అడిగింది.

“ఆ పోటీ ఏందో మీది, అందులో ఎవరన్నా పెట్టొచ్చా? రేటు అడగకూడదన్నారంట గదా.”

“పెట్టొచ్చక్కా. ఇంట్లోది అయ్యుండాల.”

“కొట్లోది?”

అక్కని గ్రూపులో చేర్చాం. ఇరవయ్యో మనిషి.

అక్క ఫోన్ కెమెరా అద్దం మీద చీలిక ఉంది. నా ఫోన్ ఇస్తానంటే వద్దంది. రెండు రోజుల తర్వాత ఫోటో వచ్చింది. చూడగానే ముందు నాకు అర్థం కాలేదు. నల్లగా మసిబారిన ఇనుము, దాని మీద నిలువుగా నిలబడి ఉన్న ఒక స్టీలు బిళ్ళ అంచు. పక్కనుంచి పొద్దుటి ఎండ. జూమ్ చేస్తే ఖడ్గమృగం బొమ్మ. పావలా! అంచు ఒకచోట చదునుగా అరిగిపోయి, అక్కడ సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి దువ్వెన పళ్ళలా ఉన్నాయి. కింద కూతురు టైప్ చేసిన లైను: ‘మా అమ్మ స్క్రూడ్రైవర్.’

25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లవని ప్రభుత్వం రద్దు చేసింది గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి బడిలో ఉండుంటారు. అప్పుడు అక్కా, వాళ్ళాయనా కొట్లో ఉన్న పావలాలన్నీ సంచిలో పోసుకుని బ్యాంకుకి పోయి మార్చుకున్నారట. ఒకటి మిగిలిపోయింది. ఎందుకంటే ఆ రోజు అది స్టవ్ కింద ఉంది. బర్నర్ స్క్రూ వదులైనప్పుడల్లా బిగించడానికి వాళ్ళాయన అక్కడే పెట్టుకునేవాడు. స్క్రూ గాడిలో సరిగ్గా పట్టేది ఆ బిళ్ళ ఒక్కటేనట.  ఆయన పోయాక కూడా అక్క దాంతోనే బిగిస్తోంది. చెల్లకుండా పోయి ఇన్నేళ్ళయినా అది రోజూ పనికి పోతూనే ఉంది.

సంవత్సరం 1994, కింద చిన్న నక్షత్రం. ఆ గుర్తుంటే హైదరాబాదులో పుట్టినట్టు. టంకశాల 1997లో చర్లపల్లికి వచ్చింది కాబట్టి, ఇది సైఫాబాద్‌లో ఉన్నప్పటిది. ఈ వివరాలు గ్రూపులో నేను రాశాను. అక్క చదివి, “అబ్బో, హైదరాబాదుదా” అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల టీ గ్లాసుల చప్పుడు.

ఫోటోగ్రఫీ పరంగా చూస్తే అందులో లోపాలున్నాయి. ఖడ్గమృగం మీద ఫోకస్ లేదు. కెమెరా అద్దం చీలిక వల్ల ఒక మూల వెలుగు చెదిరి ఇంద్రధనుస్సులా పడింది. మా కంపెనీలో అయితే నేను రిజెక్ట్ ముద్ర కొట్టాల్సిన బొమ్మే. అయినా అరిగిన చోటికి ఎండ అడ్డంగా పడాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పొద్దున ఆరింటికి స్టవ్ వెలిగించే మనిషికి ఆ వెలుగు రోజూ చూసేదే.

ఓటింగ్ ఆదివారం పెట్టాం. 20 ఓట్లలో ఆరంబాక్కం తంబికి ఏడు. ఒక చేతిలో చిల్లుకాణీ పట్టుకుని, ఆ రంధ్రంలోంచి చూస్తున్న వాళ్ళ పాటి కన్ను తీశాడు. చుట్టూ ముడతలు, మధ్యలో రాగి వలయం, లోపల నవ్వుతున్న కన్ను. దానికి ఓటెయ్యకుండా ఎలా ఉంటాం? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగి ఆదా కోసం 1943 నుంచి ఆ చిల్లు పెట్టి కొట్టారు. అంత మంచి ఫోటో ఫ్రేమ్ అవుతుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కొట్టిన వెండి అర్ధ వరహా మీద ఒకవైపు గోపురం, ఇంగ్లిష్, పారసీ అక్షరాలు, రెండోవైపు తమిళం, తెలుగు కలిసి ఉంటాయి. ఎప్పటికైనా అది ఒకటి కొంటానని తంబి పట్టుదల. అప్పటిదాకా మేం కొనిచ్చిన ఆల్బమ్‌లో ఆ జేబు ఖాళీగా పెడతాడట.

అక్కకి అయిదు ఓట్లు, సారుకి నాలుగు. నా తామరపువ్వుకి రెండు, అందులో ఒకటి సారు వేశారని నా అనుమానం. ఇరకం కుర్రాడికి ఒకటి, పాలిటెక్నిక్ అమ్మాయికి ఒకటి. ఆ అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. స్నేహపూర్వక పోటీ అన్నమాటేగానీ, ఓట్లు లెక్కపెట్టేటప్పుడు అందరి మొహాలూ ఎన్నికల కౌంటింగే.

కూతురు చదువుకి అక్క డ్వాక్రా గ్రూపులో లోను పెట్టింది. వడ్డీ లెక్క నాతోనే వేయించుకుంది. పదకొండు లక్షల ఊసు మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

టిఫిన్ సెంటర్లో దోసెలయ్యాక, కొట్టు వదిలి రాలేనన్న అక్క దగ్గరికే అందరం టీకి పోయాం. ఎనిమిది మందిమి వెళ్ళాం. అందరి దగ్గరా డబ్బు తీసుకుంది, సారుతో సహా. ఈసారి పంచదార వేసింది. తంబి పావలాని చూస్తానంటే, స్టవ్ ఆరిపోయాక చూడు, ఇప్పుడు కాలుద్ది అంది. అప్పుడే హైవే మీదనుంచి ఒక లారీ దిగింది. డ్రైవరు కిందికి రాకుండానే టీ తాగి ఇరవై నోటు ఇచ్చాడు. అక్క గల్లాపెట్టెలో చేయిపెట్టి చిల్లర వెతికింది. అయిదు రూపాయలు తక్కువైనట్టుంది. కొంగుముడి విప్పి ఒక బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. దాని మీద అమ్మవారి బొమ్మ ఉండటం నాకు కనబడింది.

“అక్కా, అది...”

“ఐదు రూపాయలే గదా,” అంది అక్క, గ్లాసు కడుగుతూ. లారీ నాయుడుపేట వైపు కదిలింది.